హ్యూ మెర్‌విల్ తవ్వించిన బావి

రామ్మా ఉజ్వలా, చెప్పులు లోపలే విడువు. బయట వదిలితే కోతులు పట్టుకుపోతాయి. నవ్వుతావేం, పోయిన వారం మేడమీద వాళ్ళ బూటు ఒకటి పోయింది. ఒక్కటే. రెండోది వాళ్ళు ఇంకా పారెయ్యలేదు, కోతి తెచ్చి ఇస్తుందేమోనని చూస్తున్నారు. ఫోను తెచ్చావుగా? ఆ కుర్చీ లాక్కో. ముందు నా గురించి ఒక మంచి మాట చెప్పుకోనీ, తరవాత చెప్పుకునేందుకు ఏమీ మిగలదు. నాకు కాయితమంటే గౌరవం. నా పేరు అచ్చులో పడ్డ కాయితం ఏదైనా సరే, సౌదీలో ఈ ఖమీస్ ముషైత్‌లో దిగిన నలభై రెండేళ్ళలో ఒక్కటి పారేసిన పాపాన పోలేదు. కంపెనీ పిక్నిక్కులో క్యారమ్స్ రెండో బహుమతి సర్టిఫికెట్టు కూడా ఉంది. ఆడింది ఇద్దరమేలే. దీన్ని మీ పెద్దమ్మ గొప్పల పిచ్చి అంటుంది. నేను కాయితాల పట్ల భక్తి అంటాను. విన్నావా, వంటింట్లోంచి ఏమంటోందో? "ఆ భక్తే ఇవాళ కొంప ముంచింది" అంటోంది. ముంచింది. నిజమే. అందుకే నిన్ను శుక్రవారం పూట పళ్ళు పీక్కోకుండా ఇక్కడికి రమ్మన్నది. అదే, నీ పళ్ళు కాదులే, నీ పేషెంట్లవి.

ఆ ఉత్తరం ఇంకోసారి చదువు. మొత్తం వద్దు, మధ్యలో రాయి గురించి ఉంటుంది చూడు, అక్కణ్ణించి. ఆఁ. ఫియోనా మెర్‌విల్ అని ఆ పిల్ల. మా పాత ఇంజినీరు అలస్టేర్ మెర్‌విల్ గారి తమ్ముడి మనవరాలు. స్కాట్లండులో వాళ్ళ ఊరి చర్చి గోడకి నల్లరాతి పలక పెడుతున్నారట, వాళ్ళ వంశంలో మొదటివాడి నించి మా మెర్‌విల్ గారి దాకా ఇరవైమూడు పేర్లు. ఇరవైరెండింటికి పాత కాయితాలు దొరికాయి. ఒక్క హ్యూకి దొరకలేదు. "బావి తవ్వించి, కరువులో జనానికి తిండి పెట్టిన హ్యూ అంటే మా పిల్లలకి ప్రాణం. ఆ బావి కోసం రెండు వేసవుల నించి కోట లోపల తవ్వుతున్నాం. పెదతాతగారి పుస్తకం మీరే టైపు చేశారని అందులో ఉంది. హ్యూ సంగతి ఆయన ఏ కాయితంలోంచి తీసుకున్నారో గుర్తుందా? సోమవారం చెక్కడం మొదలుపెడతారు." చదివావుగా. మంగళవారం వచ్చిందమ్మా ఇది, ఫేస్‌బుక్కులో. అప్పటినించీ బీపీ బిళ్ళ వేసుకున్నానో లేదో గుర్తురాక రెండోసారి వేసుకుంటున్నా. ఒక్క మాట అడుగుతా, నవ్వకు. ఇట్లాంటివాటికి ఆ దేశంవాళ్ళు కేసు పెడితే ఇక్కడి సర్కారు యాప్ అబ్షర్‌లో నా పేరు మీద మత్లూబ్ అని పడుతుందా? పోలీసులు వెతుకుతున్నారని ఎర్రగా వస్తుందట కదా. మొన్నటి నించి గంటకోసారి తెరిచి చూసుకుంటున్నా. పడదా? నిజంగా పడదా? పళ్ళ డాక్టరువి, నీకేం తెలుసు.

సరే, చెప్తా. మొదటినించీ చెప్తేనే నీకు ఎంత దూరం వచ్చిందో తెలుస్తుంది. మెర్‌విల్ గారు మా ఘాట్ రోడ్డు పనికి పెద్ద ఇంజినీరు. నేను ఆయనకి టైపిస్టుని. ఒంగోల్లో టైపు లోయరు పాసయ్యాను, హయ్యరు రెండుసార్లు తప్పాను, ఆ రెండో ముక్క ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. ఆయన మనిషి ఇంత పొడుగు, పోర్టా క్యాబిన్ తలుపులో రోజుకి రెండుసార్లు తల కొట్టుకునేవాడు, కొట్టుకున్నప్పుడల్లా తలుపుకే సారీ చెప్పేవాడు. పెళ్ళాం పోయింది, పిల్లల్లేరు. ఊరినించి పేపరు వచ్చేది, పదిహేను రోజులు పాతది, బొమ్మల్లో ఆడవాళ్ళ చేతులకీ కాళ్ళకీ ఇక్కడివాళ్ళు నల్ల ఇంకు పూసి పంపేవాళ్ళు. ఆయన దాన్నే ఇవాల్టి పేపరులా చదివి, "భూషణ్, మన ఊళ్ళో వాన పడిందోయ్" అనేవాడు. పదిహేను రోజుల కిందటి వానకి ఆయన మొహం ఇప్పుడు తడిసినట్టు వెలిగేది. 'మన ఊళ్ళో' అనేవాడు చూడు, నాతో. నాకు ఒంగోలు గుర్తొచ్చి, మాకింకా పళ్ళేదండీ అనబోయి ఊరుకునేవాణ్ణి.

మధ్యాహ్నం నమాజుకి పని ఆగుతుంది కదా, ఆ గంటసేపూ ఒక బిస్కెట్ల రేకు డబ్బా తెరిచేవాడు. బిస్కెట్లు కావు, కాయితాలు. వాళ్ళ వంశం. కిటికీ దగ్గర అటూ ఇటూ తిరుగుతూ చెప్తుంటే నేను టకటకా కొట్టేవాణ్ణి. వీళ్ళు అసలు స్కాట్లండు వాళ్ళు కారట. నార్మండీ అని ఫ్రాన్సులో సముద్రం ఒడ్డు, అక్కణ్ణించి విలియం రాజుతో కలిసి ఇంగ్లండు మీద పడ్డారు. ఆ తరవాత స్కాట్లండు రాజు డేవిడ్ అని, ఆయన పిలిచి, మీరు మంచి యుద్ధం చేస్తారటగా, రండి, పొలాలిస్తాను అన్నాడు. అంటే మనం వచ్చినట్టే. మనకి వీసా ఇచ్చిన కఫీలు ఉన్నట్టు వాళ్ళకి రాజు. ఉండనిచ్చే ఇకామా కార్డు బదులు కోట. నేను ఆ మాట అంటే ఆయన ఎంత నవ్వాడనుకున్నావు, తలుపు దాకా వెళ్ళి తల కొట్టుకున్నాడు. అక్కణ్ణించి ఎనిమిది వందల ఏళ్ళు వాళ్ళు చేసిందల్లా ఒక్కటేనమ్మా, ఎవడు ఓడిపోబోతున్నాడో వాడి పక్కన చేరడం. ఇద్దరు రాజులు కొట్టుకుంటే ఓడేవాడి గుడారంలో ఒక మెర్‌విల్ ఉంటాడు. ఒకడి తల కొట్టించారు, ఒకడు మారువేషం వేసుకుని పడవ ఎక్కి, ఆ పడవ తప్పుదారి పట్టి శత్రువుల రేవులోకే వెళ్ళింది. చివరికి కోటకి పైకప్పు ఉంటే పన్ను కట్టాలని కప్పు పీకించేశారు. ఆ కప్పులేని కోట ఫొటో ఒకటి ఆ డబ్బాలో ఉండేది. "అందులో ఇప్పుడు ఎవరుంటారు సార్?" అన్నాను. "గొర్రెలు. పద్ధతిగా ఉంటాయి" అన్నాడు.

ఇక అసలు సంగతి. ఆ రోజు వాల్టర్ మెర్‌విల్ అనేవాడి దాకా వచ్చాం. ఇంగ్లండు రాజు వచ్చి కోట తగలబెట్టాడు, వాల్టర్ పోయాడు, కాయితాల పెట్టె కూడా కాలిపోయింది. మెర్‌విల్ గారు కిటికీలోంచి పొగమంచులోకి చూస్తూ, "ఇక్కడినించి యాభై ఏళ్ళు మాకేమీ తెలియదు. తరవాత విలియం అని ఒకడు కనబడతాడు. వాల్టర్‌కి ఏమవుతాడో, మధ్యలో ఎవరున్నారో తెలియదు. అలాగే రాయి, భూషణ్" అన్నాడు. ఇంతలో వైర్లెస్సు మోగింది, కొండచరియ విరిగి రోడ్డు మీద పడిందని. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేనూ, ఆ టైపు మిషనూ, వాల్టరూ విలియమూ మిగిలాం. మధ్యలో ఖాళీ.

నీకు మా ఇంటి సంగతి తెలియదు కదూ. మీ నాన్నకి తెలుసు. మాది పిచ్చుగుంట్ల వాళ్ళ ఇల్లు. మా తాత గుమ్మెట వాయించుకుంటూ ఊళ్ళు తిరిగి, ఒక్కొక్క ఇంటిముందు నిలబడి వాళ్ళ గోత్రమూ వంశమూ పాడేవాడు. "కోటయ్య కొమారుడు రామయ్య, రామయ్య కొమారుడు కోటయ్య, ఆ కోటయ్య తవ్వించిన చెరువు ఊరికి తల్లి, కరువునాడు గంజి పోసిన చెయ్యి బంగారు చెయ్యీ..." అట్లా. నేను గంట వాయించుకుంటూ వెంట వెళ్ళేవాణ్ణి, ఏడెనిమిదేళ్ళప్పుడు. ఒకరోజు పెద్ద రైతు ఇంటిముందు తాతకి ఒక పేరు జారిపోయింది. నాకు తెలిసింది, గుమ్మెట మీద దెబ్బ ఒక్కటి ఎక్కువ పడింది. అంతే. మరుక్షణం మనవడికి తాత పేరు తగిలించి, చెరువు ఒకటి తవ్వించి, గంజి పోయించేసి ముందుకు పోయాడు. ఆ రైతు కళ్ళు తుడుచుకున్నాడు, మా ముత్తాతేరా అని కొడుకుని ముందుకి నెట్టాడు. దారిలో అడిగా, తాతా, ఆ పేరు నిజమేనా అని. "మనం ఆగామనుకో, అక్కడ వాళ్ళ వంశం ఆగిపోయినట్టే వినబడుతుంది. గుమ్మంలో నిలబడి అంత అశుభం పలకొచ్చునా?" అన్నాడు. నేను చదువుకుంటానని ఆ పని వదిలేశాను, టైపు నేర్చుకున్నాను, విమానమెక్కాను. వదిలేశాననే అనుకున్నాను.

ఏం చేశానో నీకు తెలిసిపోయిందిలే. వాల్టర్ తండ్రి పేరు హ్యూ. కాబట్టి వాల్టర్ కొడుకు హ్యూ. మనకయితే అంతే కదా? ఆ హ్యూ కొడుకు విలియం. ఖాళీ నిండింది. చేతులు ఆగలేదమ్మా, జనానికి నీళ్ళు ఇచ్చాడు, కరువొస్తే తిండి పెట్టాడు అని కూడా కొట్టేశాను. ఏడాదికి మూడొందల రోజులు వాన పడే దేశంలో! అప్పుడు నాకా దేశం తెలుసునా ఏం, నాకు తెలిసిన మంచివాళ్ళందరూ నీళ్ళిచ్చినవాళ్ళే. కాయితం బల్లమీద పెట్టి ఇంటికొచ్చేశాను. మర్నాడు ఆఫీసుకి వెళ్ళాను. ఆయన తప్పు దొరికితే ఎర్రపెన్సిలుతో చీల్చేసే మనిషి. ఆ రోజు మటుకు "ఎక్కడిదాకా వచ్చాం? ఆఁ, విలియం" అని అందుకున్నాడు.

ఆ కాయితాల కట్ట తియ్యకు. అది చిత్తుప్రతిలే, దాంతో పనిలేదు. అక్కడ పెట్టు, టీ ఒలికితే పాడవుతుంది.

అయిపోయిందనుకున్నా. అప్పుడు మాకు అబూ ముష్రిఫ్ అని మందూబ్ ఉండేవాడు, మా పాస్‌పోర్టులూ అవీ జవాజాత్ ఆఫీసుకి మోసుకెళ్ళే సౌదీ ఆయన, ఇక్కడి అసీర్ కొండల మనిషి. కహ్వా కాఫీ తాగుతూ వాళ్ళ తాతల పేర్లు చెప్పేవాడు, ఇబ్న్, ఇబ్న్, ఇబ్న్ అంటూ పద్నాలుగు తరాలు, ఊపిరి తీసుకోకుండా. మా తాత గుర్తొచ్చి నాకు ముచ్చటేసేది. ఒకరోజు అడిగా, మధ్యలో ఒక పేరు మర్చిపోతే ఏం చేస్తారు అని. "మర్చిపోయామని చెప్తాం" అన్నాడు. ఇంకో పేరు పెట్టేస్తే? ఆయన కప్పు కింద పెట్టాడు. "యా బూషన్, అక్కడ నిజంగా ఒక మనిషి ఉన్నాడు కదా. తిన్నాడు, ఏడ్చాడు, పిల్లల్ని కన్నాడు. పేరు పోతే పోయింది, చోటన్నా ఉంది వాడికి. నువ్వు ఆ చోట్లో ఇంకొకణ్ణి కూర్చోబెడితే వాడెక్కడికి పోతాడు?" అన్నాడు. నా గొంతులో ఖర్జూరం అడ్డం పడింది. ఆయనే వీపు మీద చరిచాడు, పాపం, సంగతి తెలియక. మా తాతకి ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదమ్మా. వేసుంటే ఏమనేవాడో.

అప్పుడైనా చెప్పొచ్చుగా అంటావు. చెప్పబోయాను. మూడుసార్లు. ఒకసారి నోరు తెరిస్తే కిటికీ బయట కోతులు వచ్చాయి, ఆయన అరటిపళ్ళు దాచడానికి లేచాడు. ఇంకోసారి జీతాల రోజు, అడగబోయేది అడ్వాన్సేమోనని ఆయనే మొహం పక్కకి తిప్పుకున్నాడు. మూడోసారి అబహా విమానాశ్రయంలో, ఆయన ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్ళిపోతున్నప్పుడు. లైన్లో నిలబడి, "సార్, ఆ వాల్టర్ తరవాత..." అన్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "పుస్తకం వేయిస్తా, నీకు పంపిస్తా" అన్నాడు. పంపించాడు. నా పేరు వెనక పేజీలో, అచ్చులో. రెండేళ్ళకి పోయాడు. పోయి పాతికేళ్ళు దాటింది. నేను ఆ పుస్తకం గాజు బీరువాలో పెట్టుకుని వచ్చినవాళ్ళకల్లా వెనక పేజీ చూపించాను. మీ నాన్నకి ఎన్నిసార్లు చూపించానో. హ్యూ ఉన్న అరవై తొమ్మిదో పేజీ మటుకు ఎవరికీ తిప్పలేదు.

ఇప్పుడు ఏం చెయ్యాలో నువ్వు చెప్పు. ఊరుకుంటే సోమవారం ఆ పేరు రాతి మీద పడుతుంది. కాయితమయితే చింపొచ్చు. ఎవరో ముక్కూ మొహం తెలియని పిల్లలు ఆ వానల్లో పారలేసుకుని నా బావి తవ్వుతున్నారు. చెప్పేశాననుకో, ఉత్తరం చివర ఏముందో చూశావుగా, ఆయన తమ్ముడు ఇంకా ఉన్నాడు, తొంభై ఒకటి. "మా అన్న కాయితం లేకుండా ఒక్క మాట రాసే మనిషి కాడు" అంటున్నాడట, ఆ ఒక్క మాట పట్టుకునే చెక్కిస్తున్నారట. పోయినవాడి పరువు నా నాలుక మీద ఉంది. మీ పెద్దమ్మకయితే క్షణం పట్టలేదు. "చేసింది నువ్వు, చెప్పేది నువ్వు, దీనికి బీపీ దేనికి?" అంది. దానికి అన్నీ కూర తరిగినంత సులువు.

నేనొకటి ఆలోచించాను, రాసుకో. అయ్యా, కాదు, అమ్మా. అమ్మా ఫియోనా గారూ, వాల్టర్ కొడుకు హ్యూ అనేవాడు లేడు. టైపు చేసిన నేనే పెట్టాను. మెర్‌విల్ గారు పనుల ఒత్తిడిలో ఆ పేజీ చూసుకోలేదు, ఆయనకి ఈ సంగతి తెలియదు. తప్పంతా నాది. అంతే. ఆయన పరువు నిలబడుతుంది, రాయీ ఆగుతుంది. పంపించెయ్.

ఏంటి? ఎందుకు తీశావు ఆ కట్ట? తియ్యద్దన్నానా లేదా? నీకు చిన్నప్పటినించీ ఇంతే, మీ నాన్న చెప్పేవాడు, డ్రాయర్లన్నీ లాగేదానివని. ఇటివ్వు. ఇవ్వవా. సరే, చూశావుగా, చూడు. అరవై తొమ్మిదో పేజీ చిత్తుప్రతి. నేను కొట్టింది చెరువు. జనం కోసం చెరువు తవ్వించాడు అని. ఆ ఎర్రపెన్సిలు ఆయనదే. చెరువు కొట్టేసి పైన బావి అని రాశాడు. వాళ్ళ దేశంలో అడుగడుక్కీ సరస్సే, తవ్వించేదెవడు, అందుకు. మిగతాదేమీ ముట్టుకోలేదు. హ్యూని ముట్టుకోలేదు.

అవును. చూశాడు. మర్నాడు పొద్దున్నే ఆ కాయితం నా మిషను మీద ఉంది, మళ్ళీ సాపు చెయ్యమని. లేనివాడికి, లేనివాడని తెలిసీ, కోటలో పట్టే బావి ఇచ్చాడు. ఇద్దరం ఏడేళ్ళు ఒకే క్యాబిన్‌లో కూర్చున్నామమ్మా తరవాత, ఆ మాట ఆయనెత్తలేదు, నేను ఎత్తబోయి ఎత్తలేకపోయాను. ఇన్నాళ్ళూ మీ పెద్దమ్మకి కూడా చెప్పలేదు. అదుగో, గరిటె చప్పుడు ఆగింది చూశావా.

ఏమంటావు, ఆయన చూశాడన్నది దాస్తే ఈ ఉత్తరమూ రెండో హ్యూ అవుతుందా? అబ్బ. పళ్ళు పీకడం నీకు బాగానే నేర్పారు. రాయి. కొట్టేసి మళ్ళీ రాయి. హ్యూని నేను పెట్టాను. మెర్‌విల్ గారు చూశారు, చెరువుని బావి చేశారు, ఉంచేశారు. ఆ పేజీ ఫొటో తీసి జతచెయ్యి, ఎర్రపెన్సిలు కనబడేట్టు. ఆ పిల్లల్ని తవ్వడం ఆపమను. ఆ చోటు ఖాళీగా ఉంచి చెక్కించండి, అక్కడ ఒకాయన ఉన్నాడు, పేరు తెలియదు అని రాయి. పెద్దాయనకి నా నమస్కారాలు. ఆయనకి చదివి వినిపించాలో వద్దో వాళ్ళిష్టం. ఇంకా... ఇట్లా రాయి. పిల్లల్లేని మనిషి కాబట్టి, తన తరవాత కూడా ఖాళీయే కనబడి, అందుకని మా మెర్‌విల్ గారు ఆ ఖాళీని...

ఆగు. కొట్టెయ్ అది. అది నాకెట్లా తెలుసు? ఆయన చెప్పాడా, నేను అడిగానా. ఎందుకు ఉంచాడో నాకు తెలియదమ్మా. డెబ్బై ఒక్కేళ్ళు వచ్చాయి, ఇవాళ్టికీ తెలియదు. తెలియదు అనే రాయి.